గుల్లమోత

మార్గశిరం. చలి ఉండాల. లేదు.
మూడు రోజులుగా తూర్పు నుంచి వెచ్చని వాన,
గొర్రె ఊపిరి మాదిరి,
ఆరేసిన గొంగడిని ఆరనీకుండా.
రేడియో ఆ తుపానుకు ఏదో పేరు చెప్పింది.
ఎర్రగుంట్ల దాకా వచ్చినాక పేరుతో మాకేం పని.

నేను గని గుమాస్తాని.
ఎన్ని చదరాల నాపరాయి లేచింది, లారీ ఎప్పుడు కదిలింది,
ఎవరు దిగినారు, ఎవరు దిగలేదు,
ఇంతే నా చదువు.

నాపరాయి పుటలు పుటలుగా పుడతాది.
పుటకూ పుటకూ నడుమ గోరు మందాన సుద్దమన్ను.
ఎండల్లో ఆ సుద్ద
అప్పిచ్చినోడి మాదిరి పట్టుకోని ఉంటాది.
నీళ్లు తగిలితే సబ్బు.

తూర్పు గోడ నెత్తిన ఒక బండ,
పెండ్లిపందిరంత,
గుంత వైపుకు వాలి ఉంది.
కింద పందొమ్మిది మంది పని.

తెల్లారకుండానే ప్రొద్దుటూరు నుంచి షావుకారు ఫోను:
"మాపటికి రెండు లారీలు నిండాల.
వానకు రాయి కరగదులే."

దిగే బాట మొగదల్లో కుళ్లాయప్ప కూచోనున్నాడు,
గడారి మోకాళ్ల మీద అడ్డం పెట్టుకోని.
పదిహేడేండ్లు మిలిటరీలో చేసి వచ్చినోడు.
ఎడమచేతికి రెండు వేళ్లు లేవు, మంచు తినింది.
ఇప్పుడు మా గనికి రాత్రి కాపలా.

"అబ్బీ, ఇట్లా వచ్చి ఇను."
పైకి తీసకపోయి గడారితో బండను తట్టినాడు.
మామూలు రోజుల్లో ఖంగుమంటాది, కంచుచెంబు మాదిరి.
ఆ పొద్దు
ఎవరూ లేని ఇంటి తలుపు కొట్టినట్టు
గుల్ల.

"మంచు గూడా ఇంతే" అన్నాడు.
"ఒక పొర కురుస్తాది. దాని మీద ఇంకో పొర.
నడుమ చక్కెర పలుకుల మాదిరి మంచు, పట్టులేనిది.
ఊరికే మోస్తా ఉంటాది, మోసినన్నాళ్లు.
ఆ పొద్దు గూడా చలి తగ్గిందని సంబరపడినాం.
కోటు గుండీలిప్పి బీడీలు ముట్టించినాం.
తంగవేలు ముందర నడిచినాడు.
వాని అడుగు కింద 'హుఫ్'మని,
కొండ కడుపులోంచి గాలి పోయినట్టు.
చేతులతో తవ్వినా.
టోపీ దొరికింది."

పీరయ్య మేస్త్రి నవ్వినాడు:
"ఇది కడప బండ మామా, మంచుగడ్డ గాదు."
మాబుబీ అడిగింది:
"దిగకుంటే ఈ పూట కూలి నువ్విస్తావా?"
ఆయన జవాబు చెప్పలే.
గడారి తీయలే.
వాన ఆయన టవలు మీద నుంచి కారి
ఆ రెండు వేళ్లు లేని జాగా గుండా కిందికి పోయింది.
మాబుబీ దాన్ని చానాసేపు చూసింది.
గంప బోర్లించి దాని మీద కూచునింది.
ఆమె కూచున్నాక ఇంకెవరూ నిలబడలే.

పందొమ్మిది పేర్ల ఎదురుగా
రాలేదు, రాలేదు, రాలేదు.
అందరూ నా ముందరే తడుస్తా ఉండగా రాసినా.

పడలేదు.
ఆ పొద్దు పడలేదు, ఆ రాత్రి పడలేదు.
నాలుగో నాడు ఎండ కాసింది.
వారానికి మళ్లా ఖంగుమనింది.
పీరయ్య గ్యాసుబండ కట్టలేక కట్టెలు ఏరుకున్నాడు.
పిలకాయలు ముసలోన్ని "మంచు తాతా" అని పిలిచినారు.
షావుకారు ఆయన్ని కాపలా నుంచి తీసేసినాడు.
ఆయన నిమ్మళంగా గడారి నా గదిలో ఆనించి,
బ్యాటరీ లైటు బల్ల మీద పెట్టి,
తలుపు దగ్గరకేసి పోయినాడు.

బండ ఇప్పటికీ ఆడనే ఉంది.
దాని కిందనే రెండేండ్లుగా సద్దులు తిన్నాం,
దాని నీడలోనే కునుకు తీసినాం.
కుళ్లాయప్ప చెప్పింది తప్పని
ఒక్కరోజు గూడా నాకు రుజువు దొరకలే.
నిజమని గూడా.

ఈ పొద్దు మళ్లా మార్గశిరం.
తుపానుకు ఇంకో పేరు.
పందొమ్మిది మంది టిపిన్లతో వచ్చి నిలబడినారు.
"అన్నా, రాసుకో" అంటాంది మాబుబీ,
అంటానే నా చేతిలో గడారిని చూసి ఆగింది.
"ఉండండి" అని పైకెక్కినా.

తట్టినా.
ఖంగుమనిందో, గుల్లనో,
వాన మోతలో తేలలే.
మోకాళ్ల మీద కూలబడి చెవి ఆనించినా.

రాయి వెచ్చగా ఉంది.